పదిహేడో నెంబరు, పేజీలు రెండు, ధ్వంసం

ప్రభుత్వ ఆఫీసుల్లో పాత రికార్డులు తగలబెట్టడం ఆపాలంటూ ఎవరైనా సంతకాల కోసం వస్తే నా గుమ్మం తొక్కనివ్వను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఈ దేశంలో ప్రభుత్వం మొదలుపెట్టి, మధ్యలో వదిలేయకుండా, పూర్తిగా ముగించే పని అదొక్కటే!

కాస్త ఆలోచించండి. రోడ్డు వేస్తే సగంలో ఆగుతుంది. కాలువ తవ్వితే పూడిక తీయడానికి ఇంకో టెండరు పిలవాలి. కానీ సగం కాలి ఆగిపోయిన ఫైలును మీరెప్పుడైనా చూశారా? అగ్గిపుల్ల గీశారంటే పని అయిపోయినట్టే. సప్లిమెంటరీ ఎస్టిమేట్లు ఉండవు, శిలాఫలకం ఉండదు!

నేను ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఆఫీసులో ఒక బీరువా ఉండేది. దాని తాళంచెవి నేను చేరడానికి ముందే పోయింది. నేను రిటైరయ్యేదాకా దొరకలేదు. అయినా ఏటా మార్చిలో దాని ముందు నిలబడి, ‘రికార్డు తనిఖీ చేయడమైనది, సక్రమముగా ఉన్నది’ అని సంతకం పెట్టేవాణ్ణి. లోపల ఏముందో చెదపురుగులకు తెలుసు. మాలో ఏ ఆఫీసరూ చదవనన్ని ఫైళ్లు అవి చదివాయి.

ఇప్పుడు రోజులు మారాయి, అన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు కదా అంటారా? ఎక్కించారు, చూశాను. మా పాత సెక్షన్ ఫైలొకటి తెరిచి చూపించారు. స్కాన్ చేసినతని బొటనవేలు మహా స్పష్టంగా పడింది. గోటి మీద మచ్చతో సహా! వేలు కింద ఉన్న పట్టాదారు పేరే కనిపించలేదు.

కాబట్టి తగలబెట్టడమే మేలు. ఇది నా సిద్ధాంతం. ఈ సిద్ధాంతానికి సాక్ష్యం కూడా సంపాదించాను. ఆ సాక్ష్యం పేరు క్రిస్టినా.

క్రిస్టినా గారు విజయవాడ మొగల్రాజపురంలో మా మేడ మీద అద్దెకుంటున్నారు. ఒక పెద్ద ఆసుపత్రిలో హెడ్ నర్సు. వయసు యాభై ఒకటి. కనీసం కాగితాల్లో అంతే వేశారు. నిజం వయసు ఆవిడకీ తెలియదు. ఎందుకంటే ఆవిడ డెబ్భై ఏడు నవంబరు తుఫానులో దొరికిన పిల్ల.

ఆ తుఫాను సంగతి కృష్ణా జిల్లావాళ్లకు నేను చెప్పక్కర్లేదు. సముద్రం ఊళ్ల మీద పడి వెనక్కి పోయాక, బతికున్న పిల్లల్ని ఏరి ఒక సహాయ శిబిరంలో పెట్టారు. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ ఫిట్టరు మరియదాసు, ఆయన భార్య సువార్తమ్మ అక్కడికి పాత బట్టలు పంచడానికి వెళ్లారు. బట్టలు ఇచ్చేసి పిల్లను తెచ్చుకున్నారు. వాళ్లకు పిల్లలు లేరు. చర్చిలో క్రిస్టినా అని పేరు పెట్టి, కళ్లల్లో పెట్టుకుని పెంచి, నర్సింగ్ చదివించారు.

ఏదీ దాచలేదు. చిన్నప్పుడు క్రిస్టినా ఒకటే అడిగేదట: “నా కోసం ఎవరన్నా వచ్చారా అమ్మా?”

“ఎవరూ రాలేదమ్మా. వస్తే మాకు చెప్పేవాళ్లు కదా ఆఫీసువాళ్లు,” అనేది సువార్తమ్మ.

ఆఫీసువాళ్ల మీద ఆవిడకున్న నమ్మకం చూడండి! ఆ నమ్మకంతోనే మరియదాసు పోయాడు, ఆ నమ్మకంతోనే నిరుడు సువార్తమ్మా పోయింది.

తల్లి సంవత్సరీకం ప్రార్థన అయిన వారం తర్వాత క్రిస్టినా గారు నా బీపీ చూస్తూ చూస్తూ అడిగారు.

“అన్నయ్యగారూ, ఆ శిబిరం కాగితాలు ఎక్కడన్నా ఉంటాయంటారా?”

“ఎందుకు సిస్టర్ గారూ ఇప్పుడు?”

“అమ్మ ఉన్నన్నాళ్లూ అడగబుద్ధి కాలేదండీ. బాధపడుతుందేమోనని. ఎవరికీ అక్కర్లేక వదిలేశారో, అందరూ కొట్టుకుపోయారో... ఏదో ఒకటి తెలిస్తే చాలండీ.” అని మిషన్ పట్టీ విప్పి, “నూట అరవై ఉంది, ఆవకాయ తగ్గించండి” అన్నారు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు నేనే రాసిపెట్టాను. ఏ ఆఫీసన్నది అడక్కండి, తీరప్రాంతంలో ఒక ఆఫీసు. ముప్పై రోజుల గడువుంటే ఇరవై తొమ్మిదో రోజున జవాబొచ్చింది. ‘మీరు కోరిన రికార్డు ముప్పై సంవత్సరముల నిర్ణీత గడువు ముగిసినందున, 2009లో నిబంధనల ప్రకారము ధ్వంసము చేయబడినది. కావున లేదు.’

ఎంత చక్కటి జవాబు! ‘కావున లేదు.’ వేదాంతం చదివినవాడు కూడా ఇంత క్లుప్తంగా చెప్పలేడు.

కానీ ఆవిడ ఆ కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్న తీరు చూసి, నాకే ఎందుకో మా శాఖల తరఫున సంజాయిషీ చెప్పాలనిపించింది.

“చూడండి సిస్టర్ గారూ, ఏదో చెత్తలో పారేశారని అనుకోకండి. తగలబెట్టిన ప్రతి కాగితం వివరం రాసి ఒక రిజిస్టరు పెడతారు. ధ్వంసం రిజిస్టరు అంటారు దాన్ని. దాన్ని మాత్రం ఎన్నటికీ తగలబెట్టకూడదు. శాశ్వతం!”

ఆవిడ నా వైపు తిరిగారు. “కాగితాలు ఉంచరు గానీ, ఉంచలేదన్న కాగితం ఉంచుతారా?”

“అదే కదా పద్ధతి!” అన్నాను గర్వంగా. “రండి, చూపిస్తాను.”

నిజం చెబుతున్నాను, ఆవిడకు ఏదో దొరుకుతుందని నేను వెళ్లలేదు. అంతా రూల్సు ప్రకారం తగలబెట్టారని నిరూపించడానికే వెళ్లాను.

బస్టాండు నుంచి రెండు గంటల ప్రయాణం. ఆఫీసులో శ్రీదుర్గ అని జూనియర్ అసిస్టెంటు, పాతికేళ్లుంటాయి. మా దరఖాస్తు చదివి, లోపలికెళ్లి, దుమ్ము దులుపుతూ ఒక లావుపాటి రిజిస్టరు తెచ్చింది.

“మా దగ్గరున్న పాత రిజిస్టరు ఇదొక్కటేనండీ. మిగతావన్నీ ఇందులోనే ఉన్నాయి.”

అంటే, కాలిపోయినవన్నీ! ఆ పిల్ల వెటకారంగా అనలేదు. అమాయకంగా, సమాచారం కోసం చెప్పింది.

2009వ సంవత్సరం పేజీలు తిప్పాను. మామూలుగా మేమైతే ‘తుఫాను ఫైళ్లు, మూడు బస్తాలు’ అని రాసి సంతకం కొట్టేవాళ్లం. ఇక్కడ ఎవరో పిచ్చి గుమాస్తా, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఫారానికొక నెంబరు వేసి, ఏ ఫారంలో ఏముందో మొత్తం ఎక్కించాడు. ధ్వంసం చేసే కాగితానికి ఇంత సింగారమా! నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే పైకి చదవడం మొదలుపెట్టాను.

‘క్రమ సంఖ్య 17. తుఫాను సహాయ శిబిరం, దొరికిన పిల్లల ఫారం. ఆడపిల్ల, సుమారు మూడు సంవత్సరములు. ఎడమ చెవి వెనుక పుట్టుమచ్చ. తాటిదుంగను పట్టుకొని ఉండగా తీసుకువచ్చినారు. పేరు అడుగగా పాప అనియు, తండ్రి పేరు అడుగగా నాన్న అనియు చెప్పుచున్నది. ది. 9-12-77న ఉయ్యూరు కాపురస్థులు మరియదాసు, సువార్తమ్మ దంపతులకు అప్పగించడమైనది...’

క్రిస్టినా గారి చెయ్యి దానంతటదే ఎడమ చెవి వెనక్కి వెళ్లింది.

ఆ తర్వాతి వాక్యం నేను పైకి చదవలేకపోయాను. ఆవిడే రిజిస్టరు తనవైపు తిప్పుకుని, వేలు పెట్టి చదివారు.

‘ది. 17-12-77న పిల్ల తండ్రినని చెప్పుచు, పల్లెపాలెం నివాసి అంకయ్య అను వ్యక్తి వచ్చి విచారించెను. పిల్లను తీసుకొనిపోయిన వారి చిరునామా వ్రాసి ఇమ్మని కోరెను. సంబంధిత గుమాస్తా లేనందున మరునాడు రమ్మనడమైనది. పేజీలు 2. ధ్వంసం.’

“వచ్చారు,” అన్నారు క్రిస్టినా గారు. “అన్నయ్యగారూ, నా కోసం వచ్చారండీ.”

ఎన్ని చావులు చూసిన నర్సో! చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని, ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చుండిపోయారు. శ్రీదుర్గ మంచినీళ్ల బాటిలు తెచ్చిచ్చి, ఏం చెయ్యాలో తెలియక ఫోన్లో ఏదో చూస్తూ నిలబడింది. కాసేపటికి మెల్లిగా నాతో అంది.

“సార్, డిసెంబరు పదిహేడు శనివారమండీ.”

శనివారం వచ్చిన మనిషిని మరునాడు రమ్మన్నారు!

ముప్పై నాలుగేళ్లలో ఎన్ని శనివారాలు నేను ఎంతమందిని మరునాడు రమ్మన్నానో, ఆ రిజిస్టరు ఎవరూ పెట్టలేదు. అది నా అదృష్టం.

ఆ మధ్యాహ్నమే ఆటో మాట్లాడుకుని పల్లెపాలెం వెళ్లాం. దారి పొడుగునా రొయ్యల చెరువులు. ఊరి మొదట్లో ఒకతను బోటు ఇంజను విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. నలభై దాటి ఉంటాయి. మమ్మల్ని చూడగానే, “చెరువుల లీజు కోసమైతే మా పొలం ఇవ్వమండీ” అన్నాడు.

“కాదు బాబూ. అంకయ్య గారని... తుఫాను నాటి మనిషి...”

“మా నాన్నేనండీ. నేను నాని. ఆయన పోయి పదిహేడేళ్లయింది. ఏం పని?”

క్రిస్టినా గారు ఆ రిజిస్టరు పేజీ జిరాక్సు కాగితం చాపారు. నాని చేతులు నూనెతో ఉన్నాయి. ముట్టుకోకుండా మెడ వంచి చదివాడు. రెండోసారి చదివాడు. లేచి, చేతులు కడుక్కొచ్చి, అప్పుడు కాగితం అందుకుని మూడోసారి చదివాడు.

సినిమాల్లోలాగా ఏదో జరుగుతుందని నేను కళ్లజోడు తుడుచుకుని సిద్ధంగా ఉన్నాను. అతను మాత్రం ఆవిడతో, “అన్నం తిన్నావా అక్కా?” అన్నాడు. అంతే.

చేపల పులుసుతో భోజనం పెట్టించి, తనకు తెలిసింది చెప్పాడు. తుఫానులో అంకయ్య మొదటి భార్య, ఇద్దరు మగపిల్లలు పోయారు. ఆడపిల్ల శవం దొరకలేదు. శిబిరంలో ఉందని ఎవరో చెబితే నడుచుకుంటూ వెళ్లాడు. రేపు రమ్మన్నారు. ఆ రాత్రికి అక్కడే అరుగు మీద పడుకున్నాడు. తెల్లారితే ఆదివారం. సోమవారం అడిగితే, శిబిరం ఎత్తేశారు, కాగితాలు పై ఆఫీసుకు వెళ్లాయన్నారు.

“తర్వాత మా అమ్మను చేసుకున్నా గానీ, వెతకటం మానలేదక్కా. ఏటా ఆఫీసుకెళ్లేవాడు. ఒకసారి సీటు మారిందనేవాళ్లు, ఒకసారి బీరువా తాళాలు లేవనేవాళ్లు. నన్నూ రెండుసార్లు తీసుకెళ్లాడు. ‘ఆ బీరువాలోనే ఉందిరా మీ అక్క’ అనేవాడు. నాకు నవ్వొచ్చేది.”

“నా పేరేంటి?” అని అడిగారు క్రిస్టినా గారు.

“ముత్యాలమ్మ. నాన్న ముత్యాలు అనేవాడు.”

ఆవిడ ఆ పేరును నోట్లోనే ఒకటి రెండుసార్లు అనుకున్నారు. కొత్త మాత్ర పేరు పలికి చూసుకున్నట్టు.

ఇప్పుడు నా వాదనకు వస్తాను. పాఠకులారా, లెక్క మీరే చూసుకోండి. ఆ ఫారం ముప్పై రెండేళ్లు ప్రభుత్వం వారి బీరువాలో భద్రంగా ఉంది. బతికినన్నాళ్లూ ఆ తండ్రి అదే ఆఫీసు మెట్లెక్కి దిగాడు. భద్రంగా ఉన్న కాగితం వల్ల ఆ మనిషికి పూచికపుల్ల ప్రయోజనం కలిగిందా? అంకయ్య 2008లో పోయాడు. 2009లో కాగితం తగలబెట్టారు. తగలబెట్టారు కాబట్టే ధ్వంసం రిజిస్టరులోకి ఎక్కింది. ఎక్కింది కాబట్టే ఇన్నాళ్లకు క్రిస్టినా గారికి ఒక తండ్రి పేరు, తన పేరు, ఒక తమ్ముడు దొరికారు! ఉంచితే దొరకనిది కాలిస్తే దొరికింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఈ కాలమ్ ఇక్కడితో ముగించి, ప్రభుత్వానికి అభినందనలు తెలిపి పడుకుందామనుకున్నాను. కానీ క్రిస్టినా గారు ఊరుకోలేదు. అంత వివరంగా రాసిన ఆ గుమాస్తాకు దణ్ణం పెట్టి రావాలన్నారు.

శ్రీదుర్గ వాకబు చేసి చెప్పింది. పేరు రత్తయ్య, రికార్డు అసిస్టెంటుగా రిటైరయ్యాడు, మంగళగిరిలో ఉంటున్నాడు. కిందటి ఆదివారం చర్చి అయ్యాక క్రిస్టినా గారు కిలో పూతరేకులు తీసుకున్నారు. ఇద్దరం బస్సెక్కాం.

మగ్గాల చప్పుడు వినిపించే ఒక సందులో చిన్న ఇల్లు. రత్తయ్యకు డెబ్భై రెండేళ్లు. చూపు బాగానే ఉంది, మోకాళ్లు సహకరించట్లేదు. క్రిస్టినా గారు సంగతంతా చెప్పి, కాళ్లకు దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాడు. సంతోషించలేదు. పూతరేకుల పెట్టె ముట్టుకోలేదు.

“ఎన్నో నెంబరమ్మా మీది?” అన్నాడు.

“పదిహేడండీ.”

“పదిహేడు...” అని కళ్లు మూసుకున్నాడు. “మీ తర్వాత ఇంకొక్కటి రాశాను తల్లీ. పద్దెనిమిది. పంతొమ్మిది నుంచి చూశారా?”

చూడలేదు. మాకు కావలసింది దొరికాక పేజీ తిప్పనే లేదు!

“పంతొమ్మిది నుంచి వివరం రాయకుండా, పైదే అన్నట్టు డిటో పెట్టానండీ. మొత్తం నూట నలభై మూడు ఫారాలు. రూలు ప్రకారం ప్రతి కాగితం వివరం రాయాలి కదాని, ఒక్కోటి చదివి రాస్తున్నాను. మూడో రోజున సూపరింటెండెంటు గారొచ్చి చూశారు. ‘ఏమయ్యా, కాల్చేసే కాగితాలకు కథలు రాస్తున్నావా? కొత్త బిల్డింగులోకి సోమవారం మారాలి, రికార్డు రూము ఖాళీ కావాలి’ అన్నారు. మెమో ఇచ్చారు. అక్కణ్ణించి డిటో, డిటో, డిటో...”

“మరి ఆ కాగితాలు?” అన్నారు క్రిస్టినా గారు.

“కాల్చింది నేనేనమ్మా.”

పక్కింటి మగ్గం ఆగి మళ్లీ మొదలైంది. ‘అంతా పద్ధతి ప్రకారమే జరిగింది కదండీ’ అని ఆయన్ని ఓదార్చబోయాను. జరిగింది కూడా. మెమో సక్రమంగా ఉంది. రిజిస్టరు సక్రమంగా ఉంది. నూట ఇరవై అయిదు డిటోల కింద అధికారి సంతకం, ఆఫీసు ముద్ర, తేదీ, అన్నీ సక్రమంగా ఉన్నాయి. చివరికి పూతరేకుల పెట్టె ఆయన వైపు జరిపాను.

“మంటలో వేసే ముందు చదివానండీ,” అన్నాడు రత్తయ్య. “రాయద్దన్నారు గానీ, చదవద్దనలేదు కదా. కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి. ఇరవై ఒకటి... మగపిల్లాడు. ఏడేళ్లు. మాట పోయింది. అరచేతి మీద కాలిన మచ్చ. వాళ్ల మేనత్త వచ్చి, వేరే శిబిరం అనుకుని వెళ్లిపోయింది. పేరు కూడా ఉంది ఫారంలో... ఆగండి... శేషమ్మ. శేషమ్మే.”

క్రిస్టినా గారు అప్పటికే హ్యాండ్‌బ్యాగులోంచి పెన్ను తీశారు. జిరాక్సు కాగితం వెనక్కి తిప్పి, 21 అని వేసి, రాయడం మొదలుపెట్టారు. ఆయన చెబుతున్నాడు. ఆవిడ, పేషెంటు చార్టు రాసినట్టు, ఒక్క అక్షరం పోనివ్వకుండా రాస్తున్నారు. ఇరవై నాలుగు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇద్దరూ అక్కచెల్లెళ్లు. ముప్పై.

కాబట్టి సంబంధిత అధికారులకు ఒక విన్నపం. తమరు ధ్వంసం చేయించాల్సిన రికార్డు ఒకటి పొరపాటున మంగళగిరిలో మిగిలిపోయింది. గడువు ఎప్పుడో దాటింది. ఇప్పటికే అక్కడక్కడా చిరిగింది. తమరేమీ శ్రమపడక్కర్లేదు, ఇంకో నాలుగేళ్లు ఊరుకుంటే నిబంధనలతో పనిలేకుండా అదే పోతుంది. ఆ లోపల ఎవరినైనా పంపి రాయించుకుంటారేమో అని మాత్రం నాకు భయంగా ఉంది. అలాంటి పని తమరు చెయ్యరని నా నమ్మకం.

“ముప్పై ఒకటి?” అని అడిగారు క్రిస్టినా గారు.

రత్తయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. గోడ వైపు చూశాడు. “గుర్తు రావట్లేదమ్మా,” అన్నాడు.

“డిటో అని రాసెయ్యండి సిస్టర్ గారూ,” అన్నాను నేను. ముప్పై నాలుగేళ్ల అలవాటు, నోరు ఊరుకోలేదు.

ఆవిడ తల ఎత్తలేదు. 31 అని వేసి, పక్కన ఖాళీ వదిలి, కింద 32 అని వేశారు.